మన నెల్లూరు దాత అంటే ఎవరు? (పాప ప్రాజెక్టు, సాయం కావాలి)

మొలగొలుకులు · ఆదివారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మా పాప ఐదో తరగతి. 'మన ఊరికి మేలు చేసిన వ్యక్తి' అని ఒక పేజీ రాసుకురమ్మన్నారు స్కూల్లో. క్లాసులో ముప్పై మంది ఉంటే పాతిక మంది ఫోన్లో మొదట కనబడిన పేరే ఎక్కిస్తారు. మా పాప మాత్రం "ఆడవాళ్లు ఎవరూ లేరా నాన్నా?" అనింది. నాకు టక్కున జవాబు రాలేదు. నెల్లూరులోనే పుట్టి పెరిగిన వాణ్ణి, సిగ్గేసింది. రెబాల వారి టౌన్ హాల్ ముందు వెయ్యిసార్లు నడిచి ఉంటా, డీఎస్‌ఆర్ (దొడ్ల సుబ్బారెడ్డి) ఆసుపత్రి పేరు చిన్నప్పటి నుంచి నోట్లో నానుతూనే ఉంది. అవన్నీ మగవాళ్ల పేర్లే. మీకు తెలిసింది చెప్పండి. గురువారం లోపల కావాలి.

---

మైపాడు గాలి · 9:05

డీకే విమెన్స్ కాలేజీ ఉందిగా. దొడ్ల కౌసల్యమ్మ గారి పేరు. మా అక్క అక్కడే డిగ్రీ చదివింది. మూడేళ్లు చదివి కూడా డీకే అంటే ఏందో తెలీదు దానికి. మొన్న నేను చెబితే "అవునా!" అంటుంది.

---

కందుకూరు బస్సు · 9:11

డొక్కా సీతమ్మ గారిని రాయించండి. బడి భోజనం పథకానికి ఆమె పేరే పెట్టారు కదా, పిల్లలకు తెలిసిన పేరు.

---

మైపాడు గాలి · 9:13

ఆమె గోదావరి జిల్లా బస్సన్నా. లంకల గన్నవరం. పాప అడిగింది మన ఊరి గురించి.

---

కందుకూరు బస్సు · 9:16

సరే సరే. మన ఊరు, మీ ఊరు అని నన్ను అడగొద్దు. మేం నెల్లూరు జిల్లాలో పుట్టాం, 1970లో ఒంగోలు జిల్లాలో వేశారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మా నాన్న ఇల్లు మారకుండానే ఇన్ని జిల్లాలు చూశాడు.

---

రిటైర్డ్ పంతులమ్మ · 9:40

పొణకా కనకమ్మ గారి పేరు ఇంతసేపూ ఎవరూ చెప్పలేదేమిటి?

కస్తూరిదేవి విద్యాలయం ముందు నుంచి ఎన్నిసార్లు పోయి ఉంటారు మీరంతా! ఆ బడి ఆవిడ పెట్టిందే, 1923లో, ఆడపిల్లల కోసం. కస్తూర్బా గారి పేరు పెట్టింది గానీ తన పేరు పెట్టుకోలేదు. అందుకే మీకెవరికీ గుర్తు రాలేదు. టౌన్ హాలుకు రెబాల వారి పేరు ఉంది కాబట్టి వాళ్లు గుర్తొచ్చారు.

పాపకు కావలసింది రాస్తాను, ఎక్కువైతే తగ్గించుకోండి.

పుట్టింది 1892లో, పెన్నా ఒడ్డున మినగల్లులో. మరుపూరు వారి ఆడబిడ్డ. ఎనిమిదో ఏట మేనమామ పొణకా సుబ్బరామరెడ్డి గారికిచ్చి పెళ్లి చేశారు. అత్తగారి ఊరు పొట్లపూడి. బడి గడప తొక్కలేదు. ఇంట్లోనే తెలుగు, సంస్కృతం నేర్చుకుంది. తర్వాత పద్యాలు రాసింది, పత్రికలకు రాసింది, ఆత్మకథా రాసింది. ఆ ఆత్మకథ అచ్చులోకి వచ్చింది మాత్రం 2011లో. ఆవిడ పోయింది 1963లో. లెక్క వేసుకోండి, 48 ఏళ్లు కాగితాల్లోనే ఉండిపోయింది.

పొట్లపూడిలో ఉండగానే సుజన రంజనీ సమాజం అని పెట్టి, గ్రంథాలయం నడిపింది. పల్లెటూళ్లో, పెద్దింటి కోడలు, వందేళ్ల పైమాట. మనమిప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న లైబ్రరీ పెడదామంటే మెయింటెనెన్స్ ఎవరిస్తారని కొట్లాట.

తర్వాత పల్లిపాడు ఆశ్రమం. దాని గురించి పెన్నాగట్టు గారు రాస్తే బాగుంటుంది, ఆయనది ఆ పక్కే.

---

పెన్నాగట్టు · 10:02

పిలిచారు కాబట్టి వచ్చా టీచరమ్మా.

పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. నడిపింది దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు. ఆశ్రమానికి 13 ఎకరాలు ఇచ్చింది కనకమ్మ గారు. పెద్ద బిల్డింగుకు డబ్బు ఇచ్చింది పార్సీ రుస్తుంజీ, దక్షిణాఫ్రికాలో గాంధీ గారి స్నేహితుడు. 10,000 రూపాయలు, ఆ కాలంలో. అందుకే దాన్ని రుస్తుంజీ భవనం అంటారు.

చూశారా, డబ్బు ఇచ్చినాయన పేరు బిల్డింగుకి ఉంది. నేల ఇచ్చినామె పేరు నేలకి లేదు.

మా తాత వాళ్లు దాన్ని 'ఆశ్రమం' అని కూడా అనేవాళ్లు కాదు, 'గాంధీ తోట' అనేవాళ్లు. చిన్నప్పుడు మేం అక్కడికి పోయేది చింతకాయల కోసం. ఇప్పుడు రెడ్ క్రాస్ వాళ్లు చూసుకుంటున్నారు, శుభ్రంగా ఉంది. పాపను తీసుకురండి, పెన్నా గట్టు మీద నుంచి నడిపిస్తా.

---

డల్లాస్ నెల్లూరు · 10:20

గాంధీ గారు కస్తూరిదేవి స్కూలుకు శంకుస్థాపన చేసింది కూడా అప్పుడేనా? 1921?

---

రిటైర్డ్ పంతులమ్మ · 10:31

కాదు. అది తర్వాత ఇంకోసారి వచ్చినప్పుడు, 1929 మేలో. బడి మొదలైంది 1923. అప్పటికి సొంత బిల్డింగు లేదు. అంటే ఆరేళ్లు పిల్లల్ని చేర్చుకుంటూ, చందాలు అడుక్కుంటూ నడిపిందన్నమాట. పాపకు రెండు తేదీలూ విడివిడిగా రాయించండి, అందరూ కలిపేస్తారు.

ఇంకో మాట. ఆశ్రమానికి భూమి ఇచ్చేనాటికి ఆవిడకు 29 ఏళ్లు ఇంకా నిండలేదు. నాకు ఆ వయసులో ట్రాన్స్‌ఫర్ గురించి తప్ప వేరే ధ్యాస లేదు.

---

ఒంగోలు గిత్త · సోమవారం ఉదయం 7:15

పొద్దున్నే లేచి చదివా. అందరూ దండలు వేస్తున్నారు, వేయండి. ఒక్క మాట అడుగుతా, తిట్టొద్దు.

భూములున్న ఇంట్లో పుట్టింది, భూములున్న ఇంటికి పోయింది. 13 ఎకరాలు ఇచ్చింది, సంతోషం. ఆ భూమి దున్నినోళ్లు ఎవరు? వాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? పాప ప్రాజెక్టులో అది కూడా రాస్తారా? ఉన్నోళ్లు ఇస్తే దాత, లేనోళ్లు ఇస్తే కూలి అన్నట్టుంది మన లెక్క.

---

మైపాడు గాలి · 7:22

వచ్చాడయ్యా గిత్త. పొద్దున్నే పొడుస్తాడు.

---

రిటైర్డ్ పంతులమ్మ · 8:47

గిత్త గారి ప్రశ్న సరైనదే. వెక్కిరించకండి.

నేను ఇంకోలా చూస్తాను. ఆ తరంలో జిల్లాలో భూములున్న ఇళ్లు ఎన్ని ఉంటాయి? పెన్నా డెల్టా అంతా వాళ్లదేగా. అందరూ ఇచ్చారా? ఎక్కువ మంది ఇంకో పాతిక ఎకరాలు కొన్నారు, కోర్టుల్లో తమ్ముళ్లతో దావాలు వేసుకున్నారు. కాబట్టి 'ఉంది, ఇచ్చింది' అనేది అంత తేలికగా తీసేయగలిగిన మాట కాదు.

రెండోది, ఆవిడ తన వర్గం వైపే నిలబడి దానం చేయలేదు. వెంకటగిరి జమీందారీ మీద రైతులు తిరగబడ్డప్పుడు ఆవిడ రైతుల పక్షాన ఉంది. 'జమీన్ రైతు' పత్రికకు వెన్నుదన్నుగా ఉంది. అంటరానితనానికి వ్యతిరేకంగా పనిచేసింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో రాయవెల్లూరు జైలుకు పోయింది. అంతకు ముందైతే విప్లవకారులకు సాయం చేసిన మనిషి, గాంధీ గారి దారిలోకి తర్వాత వచ్చింది. దానం చేసి ఇంట్లో కూర్చుని సన్మానాలు చేయించుకునే రకం కాదని చెప్పడానికి ఇదంతా.

దున్నినవాళ్ల పేర్లు లేవన్నది మాత్రం నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

---

ఒంగోలు గిత్త · 9:02

జమీన్ రైతు సంగతి నాకు తెలీదు టీచర్ గారూ. సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

---

దస్తావేజు · 11:30

నేను ఒంగోల్లో దస్తావేజు లేఖరిని, ముప్పై ఏళ్ల అనుభవం. చర్చ చదువుతుంటే నాకు వేరే సందేహం వచ్చింది. ఆమె భూమి ఇచ్చింది అంటున్నారు. 1921లో పెళ్లయిన హిందూ ఆడమనిషికి సొంత భూమి ఎక్కడిది?

చట్టం చూడండి. భర్త పోయిన ఆడవాళ్లకు కొద్దిపాటి హక్కు వచ్చింది 1937లో. అది కూడా బతికున్నన్నాళ్లు అనుభవించడానికే, అమ్మడానికి లేదు. పూర్తి హక్కు 1956 చట్టంతో. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986లో ఎన్టీఆర్ గారి కాలంలో, దేశమంతటికీ 2005లో. 1937కి ముందు, భర్త బతికున్న ఆడవాళ్లకు సొంతంగా ఉండేది పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చింది, ఒంటిమీద నగలు. ఇంతే.

కాబట్టి ఆనాడు ఒక ఆడమనిషి 'ఇస్తాను' అనాలంటే ముందు ఇంట్లో గెలవాలి. భర్తను ఒప్పించాలి, మామలను, బావలను ఒప్పించాలి. మగవాడు ఒక్క సంతకంతో చేసే పనికి ఆమె పది రాత్రులు మాట్లాడి ఉండాలి. గిత్త గారు 'ఉన్నోళ్లు' అన్నారు. ఇల్లు ఉన్నవాళ్లదే. ఆమెకు ఉన్నదా లేదా అన్నది వేరే లెక్క.

నా ఆఫీసులో ఈరోజుకీ చూస్తుంటా. పొలం భార్య పేరున ఉంటుంది, సంతకం ఎక్కడ పెట్టాలో భర్త వేలు పెట్టి చూపిస్తాడు.

---

డల్లాస్ నెల్లూరు · 11:52

ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు దస్తావేజు గారూ. థాంక్స్.

---

కనిగిరి ఎండ · మధ్యాహ్నం 2:10

మూడేళ్లుగా ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు రాయాలనిపించింది. పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

మాది కనిగిరి వైపు పల్లె. మా నీళ్ల సంగతి మీకు తెలుసు, ఫ్లోరైడ్. మా వైపు మనుషుల పళ్లు చూస్తే ఊరు చెప్పేయొచ్చు. మా బాబాయి నలభై ఏళ్లకే నడుం వంగిపోయి, కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మా ఊళ్లో అన్ని బావులూ అవే నీళ్లు, ఒక్కటి తప్ప. ఆ ఒక్క బావి ఒక ముసలామెది. ఊరంతా పెద్దమ్మ అనేవాళ్లం. ఆ నీళ్లలో పప్పు ఉడికేది. ఫ్లోరైడ్ నీళ్లతో వండిన వాళ్లకే ఆ మాట విలువ తెలుస్తుంది.

పెద్దమ్మకు ఆస్తి ఏమీ లేదు. రెండు గేదెలు, మూడెకరాల మెట్ట. వానొస్తే కందులు, రాకపోతే అదీ లేదు. ఆ బావి కూడా గొడ్లకోసం తవ్వించింది. నీళ్లు బాగున్నాయని తెలిశాక గిలక కొత్తది వేయించి, చేంతాడు ఎప్పటికప్పుడు మార్పించేది. ఎవరైనా తోడుకోవచ్చు. ఎవరైనా అంటే ఎవరైనా. ఊళ్లో కొందరు పెద్దమనుషులకు అది నచ్చలేదు. వాళ్లు ఆ బావికి రావడం మానేశారు. రెండు నెలలు. తర్వాత వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు తెల్లారుజామున చీకట్లో బిందెలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పెద్దమ్మ ఏమీ అనలేదు, బావి దగ్గర ఒక లాంతరు పెట్టింది.

ఇంకొకటి చెబుతా, ఇది ఎవరూ దానం కింద లెక్కెయ్యరు. పెద్దమ్మ నెయ్యి అమ్మిన డబ్బులతో వంటపాత్రలు కొనేది. గుండిగలు, గంగాళాలు, పెద్ద గరిటెలు, జల్లెడలు. ఎందుకంటే మా ఊళ్లో పెళ్లయితే కనిగిరి పోయి అద్దెకు తెచ్చుకోవాలి. బండి కిరాయి, పాత్రల కిరాయి, సొట్టపడితే దానికి డబ్బులు. పేద ఇంట్లో పెళ్లికి అదే పెద్ద ఖర్చు. పెద్దమ్మ పాత్రలకు కిరాయి లేదు. తోమి తెచ్చివ్వాలి, అంతే షరతు. ఆమెకు చదువు రాదు. ఎవరు ఏం తీసుకెళ్లారో గుర్తుకు వసారా గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీసేది. గుండిగకు గుండ్రం, గరిటెకు గీత. ఇంటి గుర్తుకు ఇంకో బొమ్మ. మా ఇంటికి వేపచెట్టు, మా గుమ్మం ముందు ఉండేది. పాత్ర వెనక్కొస్తే తడిగుడ్డతో తుడిచేది. మేం పిల్లలం ఆ గోడ చదువుకుంటూ ఎవరింట్లో పెళ్లో కనిపెట్టేవాళ్లం.

బడికి 30 సెంట్లు ఇచ్చింది. ఊరి చివర చెట్టు కింద నడిచే బడి ఆ స్థలంలోకి వచ్చింది. నేను అందులోనే ఐదు దాకా చదివా. గోడ మీద ఆమె పేరు నీలం రంగుతో రాసి ఉండేది, 'ఈ స్థలము దానము చేసినవారు' అని. పెద్దమ్మకు చదవడం రాదు గదా, మమ్మల్ని పిలిచి "సరిగ్గా రాశార్రా?" అని అడిగింది ఒకసారి. మేం చదివి వినిపించాం. "దానము తీసేసి బడి అని రాస్తే సరిపోయేదిగా" అంది.

ఆమె పోయాక రెండు జరిగినయ్. కొడుకులు ఇద్దరూ పాత్రలు పంచుకున్నారు. ఇప్పుడు మా ఊరి పెళ్లిళ్లకు సప్లయర్స్ నుంచే వస్తాయి. రెండోది, బడి స్థలం కాగితం మీద లేదు. నోటిమాట మీద ఇచ్చింది. పెద్ద కొడుకు అది మాదే అన్నాడు. పంచాయితీలు, కేకలు, ఏడాదిన్నర. చివరికి ఊరంతా చందా వేసి కొంత ఇచ్చి ఒప్పించాం. అంటే పెద్దమ్మ ఇచ్చిన దాన్ని మేం మళ్లీ కొన్నాం.

తర్వాత బడికి కొత్త రంగులు పడ్డాయి. పేరు పోయింది. ఎవరూ కావాలని తీయలేదు. పెయింటర్‌కు గోడ ఎన్ని అడుగులో చెప్పి కాంట్రాక్టు ఇచ్చారు, గోడమీద ఏముందో చెప్పలేదు. ఇప్పుడు అక్కడ ఏబీసీడీలు, ఏనుగు బొమ్మ ఉన్నాయి.

గిత్తన్నా, నువ్వు అడిగావు లేనోళ్లు ఇస్తే ఏమంటామని. అందుకే రాశా.

---

ఒంగోలు గిత్త · 2:31

🙏

ఇంకేం రాయను.

---

మైపాడు గాలి · 2:40

'ఎవరైనా అంటే ఎవరైనా' దగ్గర ఆగిపోయా కనిగిరన్నా. లాంతరు సంగతి ఇంట్లో మా ఆవిడకు చదివి వినిపించా.

---

దస్తావేజు · 3:15

కనిగిరి ఎండ గారూ, మీ పోస్టు చదివి నా పని నేను చేయకపోతే తప్పవుతుంది. ఇక్కడ ఎవరైనా ఊరికి స్థలం ఇవ్వాలనుకుంటున్నారేమో, వినండి.

స్థలం దానం నోటిమాట మీద చెల్లదు. స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నా చెల్లదు. దానపత్రం రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. ముస్లింలలో హిబాకు (దానానికి) పద్ధతి వేరే, అది పక్కన పెట్టండి. పుచ్చుకునేవాళ్లు ఎవరో స్పష్టంగా ఉండాలి. 'మా ఊరి బడికి' అని రాస్తే బడి ఒక మనిషి కాదు, ఏ శాఖ పేరున, ఏ అధికారి పుచ్చుకుంటున్నారో రాయించాలి. ఇచ్చేవాళ్లు బతికుండగానే వాళ్లు పుచ్చుకోవాలి. హద్దులు, సర్వే నంబరు తప్పక వేయించాలి. ఒకసారి సవ్యంగా రిజిస్టరై, పుచ్చుకున్నాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. కొడుకులు వచ్చి అడగడమూ కుదరదు.

ఇచ్చేవాళ్లు సిగ్గుపడతారు, 'ఊరికి ఇచ్చేదానికి కాగితమెందుకు' అని. కాగితం ఊరికోసం కాదు, మన తర్వాత వచ్చే మన పిల్లల కోసం.

---

కనిగిరి ఎండ · 3:22

పాతికేళ్ల ముందు మీరు మా ఊరికి వచ్చి ఉంటే బాగుండేది సార్.

---

అడ్మిన్ · 3:30

దస్తావేజు గారి పోస్టును పైన పిన్ చేశాను. మిగతావాళ్లు అసలు విషయం మీద ఉండండి. నిన్నటి చేపల పులుసు దారం (చర్చ) ఇంకా ఓపెన్‌గానే ఉంది, మామిడికాయ వేయాలా వద్దా అనే తగువు అక్కడ తేల్చుకోండి.

---

కందుకూరు బస్సు · 3:34

వేయాలి.

---

మొలగొలుకులు · రాత్రి 8:10

అందరికీ దండాలు. ఆఫీసు నుంచి వచ్చి మొత్తం పాపకు చదివి వినిపించా, కనిగిరి గారి పోస్టు రెండుసార్లు.

ఆమె మొదట అడిగింది: "ఎనిమిదేళ్లకే పెళ్లంటే నాకంటే చిన్నదా?" నీకంటే రెండేళ్లు చిన్నది అన్నా. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "అందుకే ఆడపిల్లలకు బడి పెట్టిందా?" అంది. నాకు తెలీదన్నా. టీచరమ్మా, మీరు చెప్పండి.

---

రిటైర్డ్ పంతులమ్మ · 8:45

మంచి పిల్ల. 'అందుకే' అని నేను అనను, ఆవిడ మనసులో దూరి చూడలేం కదా. ఆ కాలం ఎలాంటిదో మాత్రం చెప్పండి. 1921 జనాభా లెక్కల్లో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. పెళ్లి వయసు 14 ఉండాలని శారదా చట్టం వచ్చింది 1929లో. అంటే ఆవిడ బడి పెట్టాక ఆరేళ్లకు. ఎనిమిదేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే చట్టం ఏమీ అనని రోజుల్లో, ఆడపిల్లల్ని బడికి పంపండని ఇల్లిల్లూ తిరగాలి. 'చదివించి ఊళ్లేలించాలా' అనే మాట నేను ఉద్యోగంలో చేరాక కూడా విన్నాను, 1978లో, ఆత్మకూరు దగ్గర.

చివరి రోజులు కూడా చెప్పాలి, అయితే పాప పేజీలో వద్దేమో. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్నవయసులోనే పోయింది. ఆ తర్వాత రమణ మహర్షి వైపు మళ్లింది. ఆస్తి కరిగిపోయింది. ఉద్యమాలకు, బడికి, వచ్చేపోయేవాళ్ల అన్నానికి పెట్టినవాళ్ల ఆస్తి ఇంకేమవుతుంది? మన ఇళ్లలో అయితే దీన్ని 'ఇల్లు గుల్ల చేసుకుంది' అంటారు. ఇప్పుడు మనమంతా కూర్చుని పొగుడుతున్నాం గానీ, మన ఇంట్లో కోడలు ఈ పని చేస్తే ఏమంటామో నాకు అనుమానమే. నన్ను నేను కూడా కలుపుకునే అంటున్నా.

---

డల్లాస్ నెల్లూరు · 9:20

మా అమ్మమ్మ కస్తూరిదేవిలో చదివింది. ఇప్పుడు 88. ఇందాక వీడియో కాల్‌లో అడిగా, కనకమ్మ గారు తెలుసా అని. "తెలియకపోవడమేందిరా" అంది. ఒకసారి దూరం నుంచి చూసిందట, ఖద్దరు చీర. అంతకుమించి ఆమె గురించి ఏం గుర్తులేదు. తకిలి మీద నూలు వడకడం గుర్తుంది, దారం తెగితే ఏడ్చేదట. ప్రార్థన గుర్తుంది, పాడి వినిపించింది కూడా, సగంలో దగ్గు వచ్చి ఆగిపోయింది.

నేనేమో ఇంకా పెద్ద పెద్ద విషయాలు చెబుతుందనుకున్నా. "ఆమె గురించి మీకేం చెప్పేవాళ్లు బళ్లో?" అని గుచ్చి గుచ్చి అడిగా. "ఏం చెబుతారు, బడి ఉందిగా" అని పెట్టేసింది. ఆమెకు సీరియల్ టైమ్.

---

మైపాడు గాలి · 9:31

😄 అమ్మమ్మకు నా నమస్కారాలు.

---

పెన్నాగట్టు · 9:50

ఆశ్రమానికి ఈ ఆదివారం పోదామా? పొద్దున ఏడుకల్లా వస్తే ఎండ ఎక్కకముందే చూసి రావచ్చు. ఇందుకూరుపేట రోడ్డు పట్టుకుని రండి, పల్లిపాడు అని ఎవర్నడిగినా చెబుతారు. ఎవరెవరు వస్తారో రాయండి, టిఫిన్ మా ఇంట్లో.

---

ఒంగోలు గిత్త · 10:04

నేను వస్తా. కనిగిరన్నా, నువ్వు కూడా రా, ఒంగోలు నుంచి కారులో కలిసి పోదాం.

---

కనిగిరి ఎండ · 10:15

ఆదివారం కుదరదు అన్నా. మా ఊళ్లో పనుంది. ఈ దారం చదివి మా బడి బ్యాచ్ వాళ్లకు ఫోన్లు చేశా. నలుగురం కలిసి ఆ గోడకు పెద్దమ్మ పేరు మళ్లీ రాయిద్దామనుకున్నాం. హెడ్మాస్టరు గారిని అడిగా, ఆయన కొత్తగా వచ్చాడు, ఆమె ఎవరో తెలీదు. విని, రాయించండి అన్నాడు. ఏనుగు బొమ్మ మాత్రం చెరపొద్దన్నాడు, ఒకటో తరగతి పిల్లలు దాన్ని చూసి లోపలికి వస్తారంట. ఏనుగు పక్కన మూడడుగులు జాగా ఉంది, సరిపోతుంది.

పెద్ద కొడుక్కి కూడా చెప్పా. చెప్పకుండా రాస్తే మళ్లీ గొడవ గదా. ఏమంటాడో అనుకున్నా. "అమ్మ పేరుకు ముందు ఇంటిపేరు వేయించు" అన్నాడు. రంగు డబ్బులు తను ఇస్తాడంట.

---

దస్తావేజు · 10:22

చందా ఇచ్చి ఒప్పించినప్పుడైనా రిజిస్టర్ చేయించారా?

---

కనిగిరి ఎండ · 10:24

...

లేదు సార్.

---

దస్తావేజు · 10:25

పెద్ద కొడుకు మెత్తబడి ఉన్నాడు. చిన్న కొడుకును కూడా పిలిపించండి, ఇద్దరి సంతకాలూ కావాలి. మండలాఫీసులో సర్వే నంబరు కాగితం తీసుకుని నాకు మెసేజ్ పెట్టండి. నా ఫీజు వద్దు, స్టాంపుల సంగతి చూసుకుంటే చాలు. రంగు తర్వాత వేయొచ్చు.

---

మొలగొలుకులు · గురువారం సాయంత్రం 5:40

ప్రాజెక్టు ఇచ్చేసింది. పేజీకి ఒకవైపు కనకమ్మ గారు: 1892, 1921, 1923, 1929, 1963, తేదీలన్నీ ఎర్ర స్కెచ్‌తో. వెనకవైపు ఎవరూ అడగకుండానే ఒక గోడ బొమ్మ గీసింది. గుండ్రాలు, గీతలు, వేపచెట్టు. కింద పేరు రాయలేదు, కనిగిరి గారు చెప్పలేదు కదా అంది. వాళ్ల మిస్ "ఇదేంటి?" అని అడిగిందట, మా పాప చెప్పడం మొదలుపెడితే పీరియడ్ అయిపోయిందట.

ఆదివారం మేం ముగ్గురం వస్తున్నాం పెన్నాగట్టు గారూ. పాప ఇడ్లీ తినదు, దోసె ఉంటే చూడండి.